రిటైరయ్యాక పల్లెకు వెళ్దామనుకుంటే: కోనసీమ, మదనపల్లె, వికారాబాద్, సిక్కోలు (శ్రీకాకుళం) తీరం... ఎవరికి ఏది?

ఉద్యోగం అయిపోయింది. పిల్లలు ఎక్కడివాళ్లక్కడ స్థిరపడ్డారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఫ్లాట్‌లో ఇద్దరే మిగిలారు. ఈ ట్రాఫిక్, ఈ దుమ్ము ఇక చాలు, పచ్చగా ఉండే ఊళ్లో చిన్న ఇల్లు చూసుకుందాం అనిపించడం సహజం. అలా అనుకునేవాళ్లు మొదట అడిగేది "ఏ ఊరు బాగుంటుంది?" అని. నేనైతే ఇలా అడగమంటాను: డెబ్బై ఎనిమిదేళ్లు వచ్చాక ఏ ఊరు బాగుంటుంది? ఇద్దరిలో ఒక్కరే మిగిలితే ఆ ఒక్కరూ అక్కడ ఉండగలరా?

అరవై రెండేళ్లప్పుడు ఏ ఊరైనా బాగుంటుంది. కారు నడపగలం, మోకాళ్లు సహకరిస్తాయి, కరెంటు పోయినా నవ్వుకుంటాం. అసలు కష్టం పది పదిహేనేళ్ల తర్వాత మొదలవుతుంది. అప్పుడు ఇంకోసారి ఇల్లు మారే ఓపిక ఉండదు. అందుకే ఈ పోలికలో కొబ్బరితోటల అందం కన్నా ఆసుపత్రి, నీళ్లు, కాగితాలు ఎక్కువగా కనిపిస్తాయి.

ముందు ఏం చూడాలి

మొదటిది ఆసుపత్రి. కిలోమీటర్లు చూసి సరిపెట్టుకోకండి. రాత్రి పదకొండింటికి బయల్దేరితే ఎంతసేపు పడుతుందో చూడండి. పక్షవాతం వస్తే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. దానికన్నా ముందు సీటీ స్కాన్ తీసి మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకోవాలి. గుండెపోటులో మొదటి గంట చాలా విలువైనది. కాబట్టి "ఊళ్లో ఆసుపత్రి ఉందండి" అనే బ్రోకరు మాటతో ఆగకండి. రాత్రి సీటీ స్కాన్ తీసేవాళ్లుంటారా, స్టెంటు వేసే క్యాథ్ ల్యాబ్ ఎక్కడుంది, డయాలిసిస్ ఎక్కడ చేస్తారు, దగ్గరి పీహెచ్‌సీలో పాముకాటు మందు ఉంటుందా అని మీరే వెళ్లి అడగండి. రాత్రిపూట వెళ్లి అడిగితే నిజం తెలుస్తుంది.

రెండోది, బండి నడపలేని రోజు. చాలా ఇళ్లలో కారు నడిపేది ఒక్కరే, ఎక్కువగా భర్తే. ఆయన మంచాన పడితే ఇంట్లోకి పాలు, మందులు ఎలా వస్తాయి? కూరగాయల దుకాణం, బ్యాంకు, గుడి లేదా చర్చి లేదా మసీదు నడిచివెళ్లే దూరంలో ఉన్నాయా? ఫోన్ చేస్తే ఆటో వస్తుందా? తోట మధ్యలో ఇల్లు కట్టాలన్న నిర్ణయం భర్త తీసుకోవడం, చివరికి ఆ తోటలో భార్య ఒంటరిగా మిగలడం చాలా కుటుంబాల్లో చూశాను. అందుకే ఊరి ఎంపికలో ఆమె మాటకే ఎక్కువ విలువ ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం.

మూడోది నీళ్లు. ఏ ఊరైనా సరే, కొనే ముందు ఆ ఇంటి నీళ్లు పరీక్ష చేయించండి. తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరుకు కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. వేసవి చివర్లో తీసిన నీళ్లనే నమ్మండి. వానల తర్వాత చేసిన పరీక్షలో అసలు సంగతి బయటపడదు.

నాలుగోది భూమి కాగితాలు. ఇది ఒక్కో ప్రాంతంలో ఒక్కో రకం చిక్కు, కాబట్టి ఊరితో పాటే చెప్తాను.

ఐదోది చేదోడు మనిషి. వంట, ఇంటిపని, తర్వాత్తర్వాత ఒళ్లు తుడిచి మందులిచ్చే పని చేసేవాళ్లు దొరుకుతారా? పల్లెల్లో పనివాళ్లకు కొదవ ఉండదన్న లెక్క పాతది. కోనసీమ నుంచీ, రాయచోటి వైపు నుంచీ ఇంటిపని కోసం ఆడవాళ్లు గల్ఫ్‌కు వెళ్తున్నారు. శ్రీకాకుళం నుంచి కుటుంబాలకు కుటుంబాలే వలస పోతాయి. నగరంలో లాగా ఏజెన్సీకి ఫోన్ చేస్తే మర్నాటికి మనిషి రావడం ఇక్కడ కుదరదు.

ఇంకొకటి ఉంది, దాన్ని పైకి ఎవరూ అనరు. కొత్తగా వచ్చినవాళ్లను పల్లె ముందు "మీరు ఎవరి తాలూకు?" అని అడుగుతుంది. కులం, బంధుత్వం తెలిశాకే పలకరింపు మొదలవుతుంది. దళితులకు, ముస్లింలకు, క్రైస్తవులకు కొన్ని ఊళ్లలో అద్దె ఇల్లు దొరకడమే కష్టం. ఇది ఉన్న సంగతే, దాచి లాభం లేదు. టౌనులో ఈ ఇబ్బంది కొంత తక్కువ. నేను "పల్లె" అంటున్నది టౌనుకు పది కిలోమీటర్ల లోపున్న పల్లెను అనడానికి ఇది ఒక కారణం, ఆసుపత్రి ఇంకో కారణం.

కొనడానికి వీల్లేని చోట్లు

అరకు, పాడేరు, మారేడుమిల్లి... మంచు, కాఫీ తోటలు చూసి మనసు పడనివాళ్లుండరు. కానీ ఇవి షెడ్యూల్డ్ ప్రాంతాలు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో 1/70గా సవరించాక అక్కడ గిరిజనేతరులు భూమి కొంటే ఆ కొనుగోలు చెల్లదు. భద్రాచలం, ఉట్నూరు ఏజెన్సీలకూ ఇదే వర్తిస్తుంది. "గిరిజనుడి పేరు మీద కొని మీరు అనుభవించండి" అని ఎవరైనా చెప్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. అది ఆ ప్రజల భూమిని కాపాడటానికి చేసిన చట్టం, దాన్ని గౌరవించాలి. చూడటానికి వెళ్లండి, నాలుగు రోజులు ఉండి రండి.

పిల్లలు అమెరికా పౌరులై ఓసీఐ కార్డు తీసుకుని ఉన్నా, ఎన్నారైలుగా ఉన్నా, వాళ్ల పేరు మీద వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. విదేశీ మారకద్రవ్య నిబంధనలు ఒప్పుకోవు. ఇల్లు, ఇంటి స్థలం కొనవచ్చు. వారసత్వంగా వచ్చే పొలానికి ఇబ్బంది లేదు. "బాబు పేరు మీద రెండెకరాలు తీసుకుందాం" అనే తల్లిదండ్రులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

నాలుగు చోట్లు పక్కపక్కన

| చూడాల్సింది | కోనసీమ | మదనపల్లె | వికారాబాద్ | శ్రీకాకుళం తీరం |
|---|---|---|---|---|
| దగ్గరి టౌను | అమలాపురం, రావులపాలెం | మదనపల్లె | వికారాబాద్ | శ్రీకాకుళం |
| పెద్ద వైద్యం | కాకినాడ, రాజమండ్రి | బెంగళూరు, వేలూరు, తిరుపతి | హైదరాబాద్ | విశాఖ |
| నీళ్లు | కాలువ నీళ్లు పుష్కలం, సముద్రం వైపు ఉప్పు | లోతు బోర్లు, కరువు | భగీరథ నల్లా, బోరు | తక్కువ లోతు బోర్లలో బాగు, ఉద్దానంలో జాగ్రత్త |
| గాలి | తేమ, ఉక్క | పొడి, చల్లని రాత్రులు | పొడి, హైదరాబాద్ కన్నా కాస్త చల్లన | సముద్రపు గాలి, తేమ |
| రైలు | అమలాపురానికి ఇంకా లేదు | స్టేషన్ ఊరికి దూరం | జంక్షన్ | హౌరా–చెన్నై మెయిన్ లైన్ |
| విమానం | రాజమండ్రి (మధురపూడి) | బెంగళూరు | శంషాబాద్ | విశాఖ |
| కాగితాల చిక్కు | లంక, దేవాదాయ భూములు | డీకేటీ పట్టాలు | గుంటల్లో అమ్మే ఫామ్ ప్లాట్లు | తీర నియంత్రణ గీత |
| చూడాల్సిన నెల | జూలై చివర, నవంబరు | మే | మే, ఏదైనా శనివారం రాత్రి | అక్టోబరు |

కోనసీమ

చాలామంది కోనసీమను సంక్రాంతికి చూసి మనసు పారేసుకుంటారు. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, పచ్చని చేలు, తలుపు తీస్తే కొబ్బరి నీడ. కానీ జనవరిలో చూసి కోనసీమలో ఇల్లు కొనకండి. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య, ముందు సముద్రంతో ఉన్న నేల ఇది. జూలై చివర్లోనో ఆగస్టులోనో ఒకసారి, నవంబరులో ఇంకోసారి చూడాలి.

ఇక్కడ ఇల్లు ఎంచుకోవడంలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఒక్కటే: ఏటిగట్టుకు లోపలా, బయటా? గట్టుకూ నదికీ మధ్య ఉన్న లంక గ్రామాలు వరద వచ్చిన ప్రతిసారీ తెగిపోతాయి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. అక్కడివాళ్లు ఈ అంకెలు వినగానే సామాన్లు అటకెక్కిస్తారు. 2022 జూలైలో బ్యారేజీ దగ్గర మూడో హెచ్చరిక దాటిపోయి లంకల్లో పడవలే దిక్కయ్యాయి. లంకలో ఇల్లు ఎంత చౌకగా వచ్చినా డెబ్బై దాటినవాళ్లకు అది పనికిరాదు. అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే పడవ కోసం చూడలేం.

తుపాను సంగతి వేరు. 1996 నవంబరు 6న వచ్చిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరలో తీరం దాటింది. ఇప్పుడు ముందస్తు హెచ్చరికలు మెరుగు, ప్రాణనష్టం బాగా తగ్గింది. అయినా చెట్లు కూలాక రోజుల తరబడి కరెంటు ఉండదు. ఆక్సిజన్ మెషీను మీద ఆధారపడేవాళ్లకు, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఇన్వర్టరు పెట్టుకుని సరిపెట్టుకోవచ్చనుకుంటారు, అది కొన్ని గంటలే వస్తుంది. అలాంటి ఇంటికి జనరేటరు కావాలి.

ఆయిల్, గ్యాస్ బావులు, పైపులైన్లు కూడా ఇక్కడి జీవితంలో భాగం. 1995లో పాశర్లపూడి బావి వారాల తరబడి మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి జనం చనిపోయారు. స్థలం చూసేటప్పుడు దగ్గరలో పైపులైను వెళ్తోందా అని ఊళ్లో అడగండి. ఊరివాళ్లకు ఎక్కడెక్కడ ఉందో తెలుసు.

ఇన్ని చెప్పాక కూడా, కోనసీమలో ఉండదగ్గ చోట్లు ఉన్నాయంటాను. రావులపాలెం, కొత్తపేట వైపు ఎత్తు నేల, 16వ నంబరు జాతీయ రహదారి దగ్గర. రాజమండ్రి ఆసుపత్రులకు రోడ్డు సాఫీ. అమలాపురంలోనే మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. దానికి మించిన వైద్యం కావాలంటే కాకినాడ, అటూ ఇటుగా అరవై అయిదు కిలోమీటర్లు. దగ్గరదగ్గరగా ఇళ్లు, వీధి అరుగులు, కాలినడకన బజారు ఉంటాయి కాబట్టి బండి నడపలేనివాళ్లకు ఈ నాలుగు చోట్లలో కోనసీమ ఊళ్లే అన్నిటికన్నా అనుకూలం. ఒంటరిగా ఉన్నవాళ్ల ఇంటి తలుపు ఉదయం తొమ్మిదైనా తీయకపోతే ఎవరో ఒకరు వచ్చి తడతారు. ఆ మేలుకు వెల కట్టలేం.

నీళ్ల విషయంలో రెండు సంగతులు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, అప్పుడు చెరువుల్లో నిలవ చేసిన నీళ్లే గతి. సముద్రం వైపు మండలాల్లో బోరు నీళ్లు ఉప్పు. ఇక కీళ్లవాతం, ఆస్తమా ఉన్నవాళ్లను ఈ తేమ బాగా ఇబ్బంది పెడుతుంది.

కాగితాల్లో రెండు రకాల భూములకు దూరంగా ఉండండి: ప్రభుత్వ లంక భూములు, గుళ్లకో సత్రాలకో చెందిన దేవాదాయ భూములు. తాతల కాలం నుంచి సాగు చేస్తున్నా అవి అమ్మేవారి సొంతం కావు. సబ్ రిజిస్ట్రారు దగ్గర 22ఏ నిషేధిత జాబితా చూడటం తప్పనిసరి.

మదనపల్లె

సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు. వేసవిలో పగలు ఎండ ఉన్నా రాత్రి నిద్ర పడుతుంది. క్షయకు మందులు లేని రోజుల్లో పొడి గాలినే చికిత్సగా నమ్మి ఆరోగ్యవరంలో శానిటోరియం కట్టింది ఇక్కడే. ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లు ఈ ఊరి పేరు ఎత్తడానికి అది పాత కారణం. కొత్త కారణం బెంగళూరు. నూట ఇరవై కిలోమీటర్లు, పైగా దేవనహళ్లి విమానాశ్రయం మన వైపే ఉంది కాబట్టి నగరం ట్రాఫిక్‌లోకి దూరకుండానే చేరుకోవచ్చు. పిల్లలు అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉంటే ఇది చాలా పెద్ద సౌకర్యం. వేలూరు సీఎంసీ ఆసుపత్రికి కూడా ఇంచుమించు అంతే దూరం.

బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాల, రిషి వ్యాలీ స్కూలు ఉన్న చోటు కావడంతో బయటివాళ్లు వచ్చి స్థిరపడటం ఈ చుట్టుపక్కల కొత్త కాదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించింది ఆ కళాశాలలోనే. "ఎవరి తాలూకు?" ప్రశ్న ఇక్కడ అంత గట్టిగా రాదు.

ఇక కష్టాలు. మొదటిది నీళ్లు, రెండోది నీళ్లు. వెయ్యి అడుగులు బోరు వేసినా దుమ్మే వచ్చిన పొలాలు ఈ చుట్టూ కొల్లలు. చూడటానికి వెళ్లిన రోజు బోరు పోస్తుంటే సంతోషపడకండి, మే నెలలో ఎంతసేపు పోస్తుందో పక్క ఇళ్లవాళ్లను అడగండి. ట్యాంకరు ఎక్కడి నుంచి వస్తుంది, ఎంతకు వస్తుంది అని కూడా అడగండి. వానచుక్కను పట్టి దాచే సంపు లేకుండా ఇక్కడ ఇల్లు కట్టడం తెలివైన పని కాదు. ఫ్లోరైడ్ పరీక్ష వదలకండి.

రెండో కష్టం వైద్యం రాష్ట్రం దాటిపోవడం. బెంగళూరు కర్ణాటకలో, వేలూరు తమిళనాడులో. 108 బండి మామూలుగా దగ్గరి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్తుంది. బెంగళూరు దాకా అంటే ప్రైవేటు అంబులెన్సు పెట్టుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య కార్డు పక్క రాష్ట్రంలోని ప్రతి ఆసుపత్రిలో చెల్లదు. డెబ్బై నిండినవాళ్లందరికీ ఆదాయంతో పని లేకుండా ఏడాదికి ఐదు లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది. మీరు వెళ్లాలనుకునే ఆసుపత్రి దాన్ని తీసుకుంటుందో లేదో ముందే కనుక్కోండి. నూట ఇరవై కిలోమీటర్లంటే రెండున్నర గంటలు. ఇప్పటికే గుండెకు స్టెంటు పడినవాళ్లకు నేను మదనపల్లె చెప్పను.

మూడోది డీకేటీ పట్టాలు. ప్రభుత్వం పేదలకు సాగు కోసం ఇచ్చిన భూములివి. 1977 చట్టం ప్రకారం అమ్మకూడదు, కొనకూడదు. ఇరవై ఏళ్లు దాటినవాటికి హక్కులిస్తూ 2023లో చట్టం సవరించారు. ప్రభుత్వం మారాక 2024లో ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. దీనికి తోడు 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు చెలరేగి భూముల ఫైళ్లు కాలిపోయాయి. ఇక్కడ పొలం కొనేవాళ్లు ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి లావాదేవీల పత్రం), అడంగల్ (సాగు రికార్డు), పాత లింకు దస్తావేజులు అన్నీ వకీలుతో చూపించుకోవాలి. ఆ తలనొప్పి వద్దంటే టౌను అంచున అనుమతి ఉన్న లేఅవుట్‌లో ఇల్లు చూసుకోవడం మేలు.

వికారాబాద్

హైదరాబాద్‌లో వైద్యం జరుగుతున్నవాళ్లు, డాక్టర్లను మార్చలేనివాళ్లు వేరే చోట వెతక్కండి. అనంతగిరి అడవి, మూసీ పుట్టినచోటు, నగరానికి డెబ్బై అయిదు కిలోమీటర్ల లోపు. ఇక్కడా ఒకప్పుడు గాలి మంచిదనే టీబీ శానిటోరియం కట్టారు. రైల్వే జంక్షన్ ఉంది, వయసు పైబడ్డాక రోడ్డు కన్నా రైలే నయం. మిషన్ భగీరథ నల్లా చాలా ఊళ్లకు వస్తుంది.

దీని అసలు సమస్య అమ్మేవాళ్లతోనే. "ఫామ్ ల్యాండ్" పేరుతో పది గుంటలు, ఇరవై గుంటలు అమ్ముతారు. గుంట అంటే 121 గజాలు. బ్రోచర్లో విల్లా బొమ్మ ఉంటుంది, కాగితంలో అది వ్యవసాయ భూమే. అందులో ఇల్లు కట్టాలంటే భూమి మార్పిడి, ఇంటి అనుమతి కావాలి. డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) అనుమతి లేని చోట రోడ్డు కూడా రేపు ఎవరిదో తెలియదు. తెలంగాణ భూరికార్డుల పోర్టల్ భూభారతిలో సర్వే నంబరు వేసి, ఎవరి పేరు, ఎంత విస్తీర్ణం, నిషేధిత జాబితాలో ఉందా అని మీరే చూసుకోండి. నగరం వైపు వచ్చేకొద్దీ 1996 నాటి 111 జీవో పరిధిలోని 84 గ్రామాలు తగులుతాయి. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల కోసం పెట్టిన ఆ ఆంక్షల భవిష్యత్తు మీద పందెం కాస్తూ రిటైర్మెంటు డబ్బు పెట్టడం తప్పు.

ప్రశాంతత కోసం వెళ్లేవాళ్లు ఒక శనివారం రాత్రి అక్కడ నిద్ర చేసి చూడాలి. రిసార్టుల పాటలు, వీకెండ్ కార్లు ఎంత దూరం వినిపిస్తాయో తెలుస్తుంది. చేవెళ్ల రోడ్డు మీద లారీల రద్దీ ఎక్కువ, రాత్రి ప్రయాణం భయంగానే ఉంటుంది. పైగా ఫామ్‌హౌస్ చుట్టూ ఉండేవన్నీ వారానికి ఒకసారి తెరిచే ఇళ్లే. సోమవారం నుంచి శుక్రవారం దాకా పలకరించే మనిషి ఉండడు. అందుకే ఇక్కడ ఫామ్ ప్లాటు కన్నా వికారాబాద్ టౌనులో స్టేషన్‌కు దగ్గరగా ఇల్లు తీసుకోమంటాను.

శ్రీకాకుళం తీరం

డబ్బు తక్కువున్నవాళ్లకు, సముద్రమంటే ఇష్టమున్నవాళ్లకు ఇది మంచి చోటు. కళింగపట్నం, శ్రీకూర్మం, అరసవల్లి చుట్టుపక్కల ఇప్పటికీ నెమ్మదైన బతుకు. శ్రీకాకుళంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. పెద్ద వైద్యానికి విశాఖ నూట పది, నూట పదిహేను కిలోమీటర్లు, జాతీయ రహదారి మీదే. మెయిన్ లైన్ రైళ్లు ఆమదాలవలసలో ఆగుతాయి.

సముద్రం కనిపించే ప్లాటు అమ్ముతామంటే ముందు తీర నియంత్రణ మండలం (సీఆర్‌జడ్) నిబంధనలు అడగండి. పల్లె ప్రాంతాల్లో చాలాచోట్ల పోటు గీత (పోటు నీళ్లు చేరే హద్దు) నుంచి 200 మీటర్ల లోపు కొత్త ఇంటికి అనుమతి రాదు. ఎలాగూ అంత దగ్గర అక్కర్లేదు, 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు ఈ తీరాన్ని ఎలా ఊడ్చేశాయో ఇక్కడివాళ్లు మరచిపోలేదు. ఇల్లు ఒకటి రెండు కిలోమీటర్లు లోపలికే ఉండాలి, పైకప్పు స్లాబే అయి ఉండాలి.

ఉద్దానం గురించి విడిగా చెప్పాలి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు కుటుంబాలను తినేస్తోంది. కారణం ఇప్పటికీ తేలలేదు. హిరమండలం నుంచి శుద్ధిచేసిన నీళ్లు తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ పరిశోధన ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. అక్కడి కొబ్బరి, జీడి తోటలు ఎంత అందంగా ఉన్నా, బయటి నుంచి వచ్చేవాళ్లకు, ముఖ్యంగా షుగరు, బీపీ ఉన్నవాళ్లకు నేను ఉద్దానం సిఫారసు చేయను. అక్కడే పుట్టి తిరిగి వెళ్లాలనుకునేవాళ్లు శుద్ధినీళ్లు వచ్చే వీధినే చూసుకుని, ఆరునెలలకోసారి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు) పరీక్ష చేయించుకుంటూ ఉండాలి.

సొంతూరు

ఈ జాబితాలో లేని ఐదో చోటు ఇదే, చాలామందికి మొదట గుర్తొచ్చేదీ ఇదే. "ఎవరి తాలూకు?" అని అడగాల్సిన పనిలేని ఏకైక ఊరు. కానీ ఇంటి పంపకాలు తేలకుండా వెళ్లకండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ సంతకం పెట్టిన పంపకాల దస్తావేజు రిజిస్టరు కాకపోతే మీరు బాగుచేయించిన గది రేపు తగాదాకు కారణమవుతుంది. ఆడపిల్లల వాటా మరవకండి, అది చట్టం, న్యాయం కూడా. ఇంకా, మీ సొంతూరు మీ భార్యకు సొంతూరు కాదు. ఆమెకు అక్కడ నిజంగా మనుషులున్నారా, లేక నలభై ఏళ్ల క్రితం వదిలేసిన కోడలికం మళ్లీ మొదలవుతుందా అని ఆమెనే అడగండి.

ఎవరికి ఏది

గుండె, క్యాన్సర్, డయాలిసిస్ చికిత్సలో ఉన్నవాళ్లు వికారాబాద్ టౌను లేదా రాజమండ్రికి దగ్గరగా రావులపాలెం. డయాలిసిస్ వారానికి రెండు మూడుసార్లు ఉంటుంది, కాబట్టి సెంటరు అరగంటలో ఉండాలి.

ఆస్తమా, కీళ్లనొప్పులే ప్రధాన బాధ అయితే మదనపల్లె, నీళ్ల ఏర్పాటు పక్కాగా ఉంటేనే.

ఒంటరిగా ఉన్న ఆడవాళ్లకు తోట ఇల్లు ఎక్కడా వద్దు. కొత్తపేట, అమలాపురం లాంటి చోట బజారుకు దగ్గరి వీధిలో కింది అంతస్తు ఇల్లు, వీలైతే ఇంటివాళ్లు పక్కనే ఉండేది.

పిల్లలు విదేశాల్లో ఉంటే మదనపల్లె లేదా వికారాబాద్. పొద్దున ఫోన్ అందితే మర్నాటికి చేరుకునే వీలుంటుంది.

సేద్యం చేయాలన్న కోరిక బలంగా ఉంటే కౌలుకు ఎకరం తీసుకుని రెండు పంటలు చేసి చూడండి. కొబ్బరి, మామిడి తోటలకు కూలీలు దొరకడమే అసలు పరీక్ష. దాన్ని పాస్ కాకుండా భూమి కొనడం టెన్షన్ కొనుక్కోవడమే.

పెన్షన్ తక్కువ, ఆరోగ్యం పర్వాలేదు అనుకునేవాళ్లకు శ్రీకాకుళం టౌను చుట్టుపక్కల.

కొనకముందు ఏడాది అద్దె

ఈ ఒక్క సలహా పాటిస్తే మిగతావి మరచిపోయినా ఫర్వాలేదు. ఎంచుకున్న ఊళ్లో ఒక ఏడాది అద్దెకు ఉండండి. పైపట్టికలో "చూడాల్సిన నెల" అని చెప్పిన కష్టకాలం ఆ ఏడాదిలో తప్పకుండా వస్తుంది, అప్పుడు ఊరు వదిలి పిల్లల దగ్గరకు వెళ్లిపోకండి. ఒక రాత్రి పెద్దాసుపత్రి దాకా నిజంగా వెళ్లి రండి. ఒక పది రోజులు ఇద్దరిలో ఒకరు పిల్లల దగ్గరకు వెళ్తే, రెండోవారు కారు ముట్టకుండా అక్కడే ఉండి చూడాలి. తర్వాత చోటు మార్చుకుని అదే పని చేయాలి. పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో ఫోన్‌లో ముఖం చూపించి పంపవచ్చు, కాబట్టి దానికోసం పాత ఊరి బ్యాంకుకు పరుగెత్తక్కర్లేదు. కానీ ఆ ఇంట్లో ఫోన్‌కు సిగ్నల్ ఉండాలి, అదీ చూసుకోండి.

ఆ ఏడాదంతా నగరంలో ఫ్లాటు అమ్మకండి, అద్దెకివ్వండి. ఫ్లాటు అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను మినహాయింపు కోసం రెండేళ్లలో ఇంకో ఇల్లు కొనాలి, లేదా మూడేళ్లలో కట్టాలి. ఈ గడువు తరుముతుంటే చాలామంది నచ్చని ఇంటికి అడ్వాన్సు ఇచ్చేస్తారు. ఇల్లు ఖాయం చేసుకున్నాకే అమ్మకానికి పెట్టండి. కొత్త ఇల్లు ముందే కొన్నా, ఏడాదిలోపు పాతది అమ్మితే మినహాయింపు వర్తిస్తుంది. రిటర్ను దాఖలు చేసే గడువులోపు ఖర్చు కాని డబ్బును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. ఆ డబ్బుతో ఉత్త పొలం కొంటే మాత్రం ఇంటికిచ్చే ఈ మినహాయింపు రాదు.